పర్లాకిమిడిలో కీబోర్డు, విశాఖలో కంప్యూటర్: మధ్యలో తెర ఎందుకు ఆగిపోతుంది?

నెల 20వ తేదీ. జీఎస్టీ 3బీ రిటర్నుకి ఆఖరు రోజు. పర్లాకిమిడిలో మేడ మీది గదిలో కూర్చుని లెక్కలు రాసే ఒక అకౌంటెంట్‌ని ఊహించుకుందాం. ఆయన ముందు రెండు రకాల ఖాతాలుంటాయి. ఊళ్లో కొట్లవి 21తో మొదలయ్యే ఒడిశా నంబర్లు, పక్కనే పాతపట్నంలో కొట్లవి 37తో మొదలయ్యే ఆంధ్రా నంబర్లు. లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం ఆయన కంప్యూటర్‌లో లేదు. విశాఖలో అద్దెకు తీసుకున్న సర్వర్‌లో, ఒక వర్చువల్ మెషిన్‌లో (అసలు కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) ఉంది. బ్రౌజర్‌లో ఆ మెషిన్ తెరని చూపే కన్సోల్ తెరిచి పాస్‌వర్డ్ కొడతారు. తప్పు అంటుంది. మళ్లీ కొడతారు, మళ్లీ తప్పే. పెట్టెలో చుక్కలు తప్ప అక్షరాలు కనబడవు కదా, తాను కొట్టిన ఎనిమిది అక్షరాలు అవతల పదకొండుగా పడ్డాయని తెలిసే దారి లేదు. ఇంకో రెండుసార్లు ప్రయత్నించేసరికి అకౌంట్ లాక్.

ఇలాంటప్పుడు ఎవరి నోటికైనా మొదట వచ్చే మాట "నెట్ స్లోగా ఉంది". ప్లాన్ 40 ఎంబీపీఎస్ నుంచి 100కి పెంచుతారు. బిల్లు పెరుగుతుంది, తెర నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, జయపురం వైపు ఇంట్లోనే ఉండి హైదరాబాద్, విశాఖ, బెంగళూరు మెషిన్ల మీద పనిచేసే తెలుగువాళ్లలో అకౌంటెంట్లున్నారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు, అద్దె మెషిన్ మీద లైనక్స్ నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలున్నారు. ఫిర్యాదు ఒకటే అయినా కారణాలు ఒకటి కావు. వాటిలో లైను స్పీడు చాలాసార్లు మూడోదో నాలుగోదో అవుతుంది.

పాస్‌వర్డ్ సంగతే చూడండి. మీట నొక్కితే ఒక సందేశం, వదిలితే ఇంకో సందేశం వెళ్తాయి. నొక్కిన కబురు వెంటనే చేరి, వదిలిన కబురు దారిలో అర సెకను ఆగిందనుకోండి. అవతలి మెషిన్‌కి తెలిసిందల్లా మీట ఇంకా నొక్కే ఉందని. మీట నొక్కి పట్టుకుంటే అక్షరం వరసగా పడటం మామూలే కాబట్టి, అది అలాగే రెండు మూడు పడేస్తుంది. మెషిన్ పాడవలేదు, వేలు తప్పలేదు, లైను స్పీడూ తక్కువ కాదు. కబుర్లు సమానమైన ఎడంతో చేరలేదు, అంతే. వీఎంవేర్ కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద నడిచే మెషిన్లలో దీనికి ఎప్పటినుంచో ఒక మందుంది. మెషిన్ సెట్టింగుల ఫైల్లో కీబోర్డు టైప్‌మేటిక్ మిన్ డిలే అనే లైను చేర్చి, విలువ 20,00,000 మైక్రోసెకన్లుగా పెడతారు. అంటే రెండు సెకన్లపాటు నొక్కి ఉంచితే తప్ప అక్షరం రిపీట్ కాదు. ఒక్క లైనుతో తీరే ఈ బాధకి జనం ప్లాన్లు మారుస్తుంటారు.

కన్సోల్ ఏం చూస్తుంది, ఏం చూడదు

మామూలు కంప్యూటర్‌కి మానిటర్ వైరు ఉంటుంది. వర్చువల్ మెషిన్‌కి అది లేదు. దాన్ని నడిపే అసలు కంప్యూటర్ (హోస్ట్), లోపలున్న వర్చువల్ మెషిన్‌కి (గెస్ట్‌కి) ఒక ఉత్తుత్తి వీడియో కార్డు చూపిస్తుంది. గెస్ట్ తన తెర బొమ్మని ఆ కార్డు మెమరీలో గీసుకుంటుంది. హోస్ట్ ఆ మెమరీలో ఎక్కడ మార్పు వచ్చిందో వెతికి, మారిన ముక్కల్ని నొక్కి చిన్నవి చేసి లైనులోకి వదులుతుంది. ఇవతల మన కంప్యూటర్‌లోని వ్యూయర్ వాటిని విప్పి తెర మీద అతికిస్తుంది.

ఇందులో గమనించాల్సింది, హోస్ట్‌కి బొమ్మ అర్థం కాదు. అది అక్షరమో ఫొటోయో మెనూవో దానికి తెలియదు. 4,096 బైట్ల మెమరీ పేజీలో ఏదో మారిందన్నంత వరకే తెలుసు. గెస్ట్ బూట్ కాకపోయినా, దాని నెట్‌వర్క్ పోయినా, బ్లూ స్క్రీన్ పడినా కన్సోల్‌లో కనబడేది ఇందుకే, లోపలున్న ఎవరి సాయమూ దానికి అక్కర్లేదు. పొడుగాటి లెడ్జర్ స్క్రోల్ చేస్తే అది చతికిలబడేదీ ఇందుకే. లెడ్జర్ ఒక వరస పైకి జరిగిందంటే మనిషి కంటికి అది చిన్న కదలిక. మెమరీ లెక్కలో మాత్రం ప్రతి పిక్సెలూ మారినట్టే. "ఉన్న బొమ్మనే కాస్త పైకి జరుపు" అని ఒక్క ముక్కలో చెప్పే పద్ధతి, కన్సోళ్లు తెర బొమ్మని పంపడానికి వాడే వీఎన్‌సీలో ఉంది, కానీ జరిగింది స్క్రోలింగేనని బయట నుంచి చూసే హోస్ట్‌కి తెలిస్తే కదా వాడటానికి.

ఇక బరువు. 1920 బై 1080 తెరలో పిక్సెల్‌కి 4 బైట్లు చొప్పున ఒక్క పూర్తి బొమ్మ సుమారు 83 లక్షల బైట్లు. బొమ్మని నొక్కి చిన్నది చేయకుండా సెకనుకి 30 బొమ్మలు పంపాలంటే దాదాపు 2 జీబీపీఎస్ లైను కావాలి. 10 ఎంబీపీఎస్ లైనులో ఒక్క బొమ్మ రావడానికే ఆరున్నర సెకన్లు. అదే తెరని 1024 బై 768కి దించితే బొమ్మ 31 లక్షల బైట్లకి తగ్గుతుంది. రంగుల్ని 32 బిట్ల నుంచి 16కి దించితే అందులో సగం. నొక్కిన తర్వాత ఈ అంకెలు బాగా చిన్నవవుతాయి గానీ నిష్పత్తి దాదాపు అలాగే ఉంటుంది. అందుకే లెక్కల పనికి పెద్ద తెర పెట్టుకుని నెట్‌ని తిట్టడంలో న్యాయం లేదు. గెస్ట్ లోపల తెర సైజు తగ్గించడం రెండు క్లిక్కుల పని.

వెళ్లిన బండి తిరిగొస్తే గానీ

ఇంతవరకూ ఎంత సరుకు పడుతుందన్న లెక్క. రెండో లెక్క కబురు వెళ్లి ఎంతసేపట్లో తిరిగొస్తుందన్నది. పర్లాకిమిడి వాళ్లకి దీన్ని చెప్పడం తేలిక. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931లో అది గుణుపురం దాకా సాగింది. రెండున్నర అడుగుల గేజ్. ఇప్పుడది బ్రాడ్‌గేజ్, బండికి పట్టే జనం పెరిగారు. కానీ ఆ లైను మీద తిరిగేది ఒకే ఒక్క బండి అనుకోండి. అది గుణుపురం వెళ్లి వెనక్కి వస్తే గానీ నౌపడలో తర్వాతి జనం ఎక్కలేరు. గేజ్ ఎంత పెంచినా రోజుకి ఎన్ని ట్రిప్పులన్నది మారదు.

వీఎన్‌సీ మూల పద్ధతి అచ్చంగా ఇదే. దీన్ని 1990లలో కేంబ్రిడ్జ్‌లోని ఆలివెట్టి పరిశోధన శాలలో తయారుచేశారు, దాని ప్రొటోకాల్ 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6143 అనే ఇంటర్నెట్ పత్రంగా అచ్చయింది. ఇందులో సర్వర్ తనంతట తాను బొమ్మ పంపదు. "ఏమైనా మారిందా" అని వ్యూయర్ అడగాలి, సర్వర్ జవాబివ్వాలి, ఆ జవాబు అందుకున్నాక వ్యూయర్ మళ్లీ అడగాలి. రానూపోనూ 100 మిల్లీసెకన్లు పట్టే లైనులో సెకనుకి పది బొమ్మలకి మించి రావు. 250 పడితే నాలుగే. లైను 10 ఎంబీపీఎస్ అయినా 1000 ఎంబీపీఎస్ అయినా ఇదే లెక్క. కొండల్లో ఉపగ్రహం లైను మీదుంటే ఇంకా ఘోరం. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, వెళ్లిరావడానికే దాదాపు అర సెకను పోతుంది. సెకనుకి రెండు బొమ్మలు. ఈ ఇబ్బంది తెలిసి, అడక్కుండానే వరసగా పంపే అదనపు సదుపాయాన్ని టైగర్‌వీఎన్‌సీ లాంటివి చేర్చుకున్నాయి. అటు సర్వర్, ఇటు వ్యూయర్ రెండిటికీ అది తెలిసి ఉంటేనే పనిచేస్తుంది. ఒకటి పాతదైతే కథ మొదటికే వస్తుంది.

రానూపోనూ సమయం దేనివల్ల పెరుగుతుంది? దూరం వల్ల అనుకుంటాం. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పర్లాకిమిడి నుంచి విశాఖకి ఫైబర్ తిన్నగా ఉంటే వెళ్లిరావడానికి 2 మిల్లీసెకన్లు చాలు. కానీ కబురుని మోసే ప్యాకెట్ తిన్నగా పోదు. ఒడిశా కనెక్షన్ అయితే భువనేశ్వర్ వైపు ఎక్కి, అక్కడి నుంచి ఇంకో మహానగరం చుట్టి విశాఖలో దిగొచ్చు. పక్కింటికి వెళ్లడానికి ఊరంతా తిరిగినట్టు. ట్రేస్‌రూట్ కమాండ్ కొడితే ఆ తిరుగుడు కొంతైనా కనబడుతుంది. అందుకని అద్దె మెషిన్ తీసుకునేటప్పుడు మ్యాపులో దగ్గరగా ఉన్న ఊరు చూసి ఎంచుకోవడం సరికాదు, ఇంటి లైను నుంచి పింగ్, అంటే రానూపోనూ సమయం, ఎంత వస్తోందో చూసి ఎంచుకోవాలి. అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి కేంద్రాలున్నాయి. రాయగడలో ఒక కనెక్షన్‌కి హైదరాబాద్ దగ్గరవుతుంది, పక్క వీధిలో ఇంకో కంపెనీ కనెక్షన్‌కి ముంబై దగ్గరవుతుంది. కొలవకుండా చెప్పలేం.

దూరం కన్నా పెద్ద దొంగ ఇంట్లోనే ఉంటాడు. అది రౌటర్ లోపలి క్యూ. ఒక పరీక్ష చేసి చూడొచ్చు. ఒక కిటికీలో సర్వర్‌కి పింగ్ నడుస్తూ ఉండాలి. అదే సమయంలో ఫోన్ నుంచి పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టాలి. అప్పటిదాకా 40 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉన్న అంకె 500, 800 అని ఎగబాకితే జబ్బు దొరికినట్టే. 10 ఎంబీపీఎస్ లైను ముందు 10 లక్షల బైట్ల క్యూ నిండితే, ఆ వెనక చేరిన మీట నొక్కుడు 0.8 సెకన్లు లైనులో నిలబడాలి. మీట నొక్కుడు పట్టుమని వంద బైట్లుండదు, అయినా లారీల వెనక సైకిల్‌లా ఆగిపోతుంది. కన్సోల్ బొమ్మలే ఈ క్యూని నింపి, తమ వెనక వచ్చే బొమ్మల్నే ఆపడం కూడా జరుగుతుంది. మంచి రౌటర్లలో క్యూని పొట్టిగా ఉంచే ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ లాంటి పద్ధతులుంటాయి. వాటిలో ఒకటి ఆన్ చేసి, అప్‌లోడ్ హద్దుని లైను అసలు స్పీడు కన్నా పది శాతం తక్కువకి పెడితే క్యూ రౌటర్ చేతిలోకి వస్తుంది. స్పీడ్ టెస్ట్ అంకె కాస్త తగ్గుతుంది, తెర మాత్రం లేచి కూర్చుంటుంది. ప్లాన్ పెంచే ముందు చేయాల్సిన పని ఇది.

సరిహద్దులో ఇంకో చిక్కుంది. ఫైబర్ రాని చోట ఫోన్ హాట్‌స్పాట్ మీదే పని. టెలికాం లెక్కలో ఆంధ్రా ఒక సర్కిల్, ఒడిశా ఇంకోటి. పర్లాకిమిడి శివార్లలో కిటికీ దగ్గర పెట్టిన ఫోన్‌కి ఒకసారి ఇటు టవర్, ఒకసారి అటు టవర్ తగులుతుంది. సర్కిల్ మారినప్పుడు డేటా ఒక్క క్షణం తెగి, తిరిగి వచ్చేసరికి ఐపీ అడ్రస్ మారిపోవచ్చు. బ్రౌజర్‌లోని కన్సోల్‌కి అంతటితో నూకలు చెల్లినట్టే, డిస్‌కనెక్టెడ్ అని ఎర్రటి పట్టీ పడుతుంది. ఫోన్‌లో నెట్‌వర్క్ ఎంపికని ఆటోమేటిక్ నుంచి తీసి చేత్తో ఒకటి ఖాయం చేస్తే కొంత నయం. అంతకన్నా మంచి దారి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే ఇంటికీ సర్వర్‌కీ మధ్య వేసుకునే సొంత సొరంగం. బయటి అడ్రస్ మారినా లోపలి అడ్రస్ మారదు కాబట్టి, ఒకటి రెండు సెకన్లు ఆగి తెర మళ్లీ కదులుతుంది.

వీపీఎన్ అన్నాక రెండు జాగ్రత్తలు. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపే టీసీపీ పద్ధతి మీద నడిచే వీపీఎన్‌లో టీసీపీ మీద నడిచే కన్సోల్ పెడితే, ఒక ప్యాకెట్ పోయినప్పుడు లోపలిదీ బయటిదీ రెండూ మళ్లీ పంపడానికి పోటీపడతాయి. మేఘం పట్టిన రోజున వైర్‌లెస్ లైను మీద ఇది నరకం. అలా మళ్లీ పంపని యూడీపీ పద్ధతి మీద నడిచే వీపీఎన్నే ఎంచుకోవాలి, వైర్‌గార్డ్ అలాంటిదే. రెండోది ప్యాకెట్ సైజు. లాగిన్ అయింది, కనెక్టెడ్ అంటోంది, తెర మాత్రం నల్లగా ఉండిపోయిందంటే అనుమానం ఎంటీయూ మీద, అంటే ఒక్కో ప్యాకెట్‌కి ఉండే సైజు హద్దు మీద పెట్టాలి. చిన్న కబుర్లు దాటుతున్నాయి, బొమ్మ మోసే పెద్ద ప్యాకెట్లు దారిలో ఇరుక్కుంటున్నాయి. వైర్‌గార్డ్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది. దాన్ని 1280కి దించితే నల్ల తెర తొలగడం చాలాచోట్ల చూడొచ్చు.

గెస్ట్ లోపలి సంగతి

లైను బాగున్నా గెస్ట్ తన తెరని తానే గీసుకోలేక ఆయాసపడుతుంటే ఏం లాభం? వర్చువల్ మెషిన్‌కి అసలు గ్రాఫిక్స్ కార్డు ఉండదు. కొత్త లైనక్స్ డెస్క్‌టాప్ తన నీడల్ని, జారే కిటికీల్ని గీయడానికి ఆ పనంతా సీపీయూ నెత్తిన వేస్తుంది. రెండు కోర్ల అద్దె మెషిన్‌లో గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ పెట్టి, ఒక కోర్ తెర గీతకే పోతోందని గమనించకపోవడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెడితే ఆ కోర్ చేతికొస్తుంది. విండోస్‌లో అయితే వాల్‌పేపర్ తీసేసి ఒకే రంగు పెట్టడం, యానిమేషన్లు ఆపడం, కిటికీని లాగుతున్నప్పుడు లోపలి బొమ్మ చూపొద్దనడం, ఈ మూడూ చాలు.

వీడియో కార్డు రకం కూడా చూడాలి. వర్చువల్ మెషిన్లని నడిపే క్యూఎము అనే సాఫ్ట్‌వేర్‌లో చాలాకాలం సిరస్ అనే పాత కార్డు ఉండేది, 2014 చివర్లో వచ్చిన 2.2 వెర్షన్ నుంచి దాని స్థానంలో మామూలు వీజీఏ వచ్చింది. ఏళ్ల క్రితం తయారుచేసి, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మోసుకొచ్చిన మెషిన్లలో ఇప్పటికీ సిరస్ కనబడుతుంటుంది. ఇవాళ లైనక్స్ గెస్ట్‌కి వర్టియో జీపీయూ మంచిది. వీఎన్‌సీకి బదులు స్పైస్ అనే ఇంకో పద్ధతి వాడితే క్యూఎక్స్‌ఎల్ కార్డు. కార్డు మార్చి గెస్ట్ లోపల డ్రైవర్ వేయకపోతే మార్చనట్టే.

మౌస్ గురించి ఒక్క ముక్క. తెర మీద రెండు బాణాలు కనబడి, ఒకటి ఇంకోదాని వెనక పరిగెడుతుంటే మెషిన్‌కి పాత పీఎస్2 మౌస్ తగిలించి ఉందన్నమాట. అది "ఇంత జరిగాను" అని మాత్రమే చెబుతుంది. యూఎస్‌బీ టాబ్లెట్ అనే పరికరం చేర్చితే "ఇక్కడున్నాను" అని చెబుతుంది, బాణాలు ఒకటవుతాయి. కొద్దిగా సీపీయూ తింటుంది, తిననివ్వాలి.

ద, ధ, థ

బొమ్మని ఎలా నొక్కాలన్నది తెలుగు చదివేవాళ్లకి ప్రత్యేకమైన సమస్య. వీఎన్‌సీలో టైట్ అనే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. తెర ముక్కలో కొద్ది రంగులే ఉంటే అది ఆ రంగుల పట్టీ తయారుచేసి, ఏ నష్టమూ లేకుండా గట్టిగా నొక్కుతుంది. రంగులు ఎక్కువైతే ఫొటో అనుకుని, సెట్టింగు ఒప్పుకుంటే జేపెగ్‌కి పంపుతుంది. జేపెగ్ బొమ్మని 8 బై 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, కంటికి తెలియదనుకున్న సన్న వివరాన్ని పారేస్తుంది. ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలకి అది సరిపోతుందేమో. తెలుగులో ద కింద చిన్న గీత పడితే ధ, దాని కడుపులో చుక్క కూడా పడితే థ. పదహారు పిక్సెళ్ల ఎత్తున్న అక్షరంలో ఆ చుక్క ఒకటో రెండో పిక్సెళ్లు. క్వాలిటీ బాగా తగ్గించిన జేపెగ్‌కి మొదట బలయ్యేది అదే. పక్కనే ఒడియాలో పేరు రాసి ఉంటే ఇంకో అవస్థ. ఆ అక్షరాల్లో చాలావాటికి పైన గొడుగులాంటి గుండ్రం ఒకేలా ఉంటుంది, తేడా అంతా కింది భాగంలోనే. రెండు భాషల్లో పార్టీ పేర్లున్న జాబితా మసకబారితే, ఏ ఖాతాలో డబ్బు వేస్తున్నామో తెలియని టెన్షన్.

ఇక్కడ అందరూ చేసేది క్వాలిటీ పెంచడం, దాంతో బరువు పెరుగుతుంది. దానికన్నా తెలివైన పని గెస్ట్ లోపల క్లియర్‌టైప్ ఆపేయడం. అక్షరం అంచుల్ని నునుపు చేయడానికి క్లియర్‌టైప్ ఎరుపు, నీలం ఛాయలు పూస్తుంది. నలుపు తెలుపు పేజీ కాస్తా డజన్ల రంగుల పేజీ అవుతుంది, టైట్ దాన్ని ఫొటో అనుకుంటుంది. ఆ పూత తీసేస్తే రంగులు బాగా తగ్గిపోతాయి. అక్షరం కాస్త మొరటుగా ఉంటుంది గానీ చుక్క చుక్కలాగే ఉంటుంది, బరువూ తగ్గుతుంది. వీడియో పద్ధతిలో పంపే వ్యవస్థల్లో ఇంకో నష్టముంది. రంగు వివరాన్ని నాలుగు పిక్సెళ్లకి ఒకటి చొప్పునే పంపడం వల్ల నీలం మీద ఎరుపు అక్షరాలు చెదిరిపోతాయి. విండోస్ తెరని దూరానికి పంపే ఆర్‌డీపీ పద్ధతి 10వ వెర్షన్‌లో ఏవీసీ 444 అనే రకం తెచ్చింది ఈ బాధ తీర్చడానికే.

టైపింగ్‌లోనూ భాష చిక్కుంది. ఇంట్లో కంప్యూటర్‌ని తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో పెట్టి కన్సోల్‌లో కొడితే, వీఎన్‌సీ "అ" అనే అక్షరాన్ని పంపుతుంది. అవతలి ఉత్తుత్తి కీబోర్డుకి మీటలు తెలుసు, అక్షరాలు తెలియవు. ఏ మీటకి "అ" వస్తుందో దొరక్క ఊరుకుంటుంది, లేదా ఇంకోటి పడుతుంది. ఇంటి కంప్యూటర్‌ని ఇంగ్లీషులోనే ఉంచి, గెస్ట్ లోపల ఇన్‌స్క్రిప్ట్ ఆన్ చేసుకుంటే మీటలు మీటలుగా వెళ్తాయి.

అసలు కన్సోల్ ఎందుకు?

పైవన్నీ చేశాక కూడా అడగాల్సిన ప్రశ్న ఇది. రోజంతా లెక్కలు రాయడానికి కన్సోల్ వాడటం తప్పు. కన్సోల్ అత్యవసర ద్వారం లాంటిది, మెషిన్ లేవనప్పుడు, నెట్‌వర్క్ సెట్టింగు చెడినప్పుడు వెళ్లే దారి. అద్దెకిచ్చేవాళ్ల పేజీలో అది పెద్ద బటన్‌గా కనబడుతుంది కాబట్టి జనం అదే అసలు దారి అనుకుంటారు. బటన్ పెట్టినవాళ్లది కొంత తప్పు.

రోజువారీ పనికి గెస్ట్ లోపలే కూర్చున్న సర్వర్ కావాలి. విండోస్‌లో అది ఆర్‌డీపీ. బయట నుంచి పిక్సెళ్లు చూసి ఊహించాల్సిన పని దానికి లేదు, తెర ఎక్కడ జరిగిందో, ఏ బొమ్మ మళ్లీ వచ్చిందో విండోసే దానికి చెబుతుంది. ఒకసారి పంపిన బొమ్మని ఇవతలే దాచుకుని మళ్లీ వాడుకుంటుంది. 2012లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి యూడీపీ మీద కూడా నడుస్తుంది, కాబట్టి ప్యాకెట్లు జారిపోయే లైన్లలో తట్టుకుంటుంది. లైనక్స్‌కి ఎక్స్ఆర్‌డీపీ ఉంది. తెర లైను తెగినా లోపలి పని ఆగదు, మళ్లీ కనెక్ట్ అయితే వోచర్ సగంలో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఇన్ని లాభాలున్నా ఆర్‌డీపీ 3389 పోర్టుని, వీఎన్‌సీ 5900ని ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి ఉంచకూడదు. వీఎన్‌సీ పాత పాస్‌వర్డ్ పద్ధతిలో మొదటి 8 అక్షరాలే లెక్కకొస్తాయి, ఆ పైన ఎంత రాసినా దండగే. వీపీఎన్ లోపలి నుంచి వెళ్లాలి.

స్పైస్ మాట కూడా చెప్పాలి. వర్చువల్ మెషిన్ల కోసమే క్యూమ్రానెట్ తయారుచేసింది, 2008లో ఆ కంపెనీని రెడ్‌హ్యాట్ కొని, మరుసటి ఏడాది దీన్ని ఓపెన్‌సోర్స్ చేసింది. దూరపు లైన్లకి జేపెగ్ ఆన్ చేసుకోవచ్చు, తెరలో వీడియో ఆడుతున్న ముక్కని గుర్తుపట్టి దాన్ని వేరేగా పంపుతుంది. గెస్ట్‌లో దాని ఏజెంట్ వేస్తే కాపీ పేస్ట్ కూడా పనిచేస్తుంది. కానీ రెడ్‌హ్యాట్ తన లైనక్స్ 9వ వెర్షన్ నుంచి దాన్ని తీసేసింది. ప్రాక్స్‌మాక్స్ లాంటి వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్లలో ఉంది, ఉన్నచోట వాడుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని మీదే ఆశలు పెట్టుకోకపోవడం మంచిది.

నిజంగా కన్సోలే కావాల్సిన రోజూ వస్తుంది. లైనక్స్ మెషిన్‌కైతే ఆ రోజుకి ముందే, బొమ్మ కాకుండా అక్షరాలే పంపే సీరియల్ కన్సోల్ పెట్టుకోవాలి. మెషిన్‌కి ఒక సీరియల్ పోర్టు తగిలించి, మెషిన్‌ని లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ సెట్టింగులో కెర్నల్ లైనుకి కన్సోల్‌గా టీటీవైఎస్0 చేర్చి, సెట్టింగుని మళ్లీ తయారుచేస్తే చాలు. 80 అక్షరాల వెడల్పు, 25 వరసల తెర అంతా కలిపి 2,000 అక్షరాలు. 83 లక్షల బైట్ల బొమ్మ రావాల్సిన చోట రెండు కిలోబైట్ల రాత వస్తుంది. గుణుపురం అవతల కొండ దారిలో ఒక్క గీత సిగ్నల్ మీద కూడా బూట్ మెసేజీలు చదవొచ్చు, చెడిన ఫైల్ దిద్ది మెషిన్‌ని లేపొచ్చు. విండోస్ సర్వర్‌కీ స్పెషల్ అడ్మినిస్ట్రేషన్ కన్సోల్ పేరుతో ఇలాంటిదే ఉంది, కమాండ్లు తెలిసి ఉండాలి. రెండిటిలోనూ ముందే ఆన్ చేసి, ఒకసారి రీబూట్ చేసి, అక్షరాలు వస్తున్నాయో లేదో కళ్లారా చూసుకోవాలి. మెషిన్ పడిపోయాక ఆ సెట్టింగు పెట్టడానికి మళ్లీ ఆ నత్తనడక తెరే దిక్కు.